షికాగో చలిలో మల్లె, కనకాంబరం, తమలపాకు కొమ్మలు నిలబెట్టుకోవడం – నా డైరీ

ఆగస్టు చివరి వారం

ఈసారి కుండీలు లోపలికి తేవట్లేదు, కొమ్మ ముక్కలే తెస్తున్నా. మేముండేది షికాగో శివార్లలో సింగిల్ బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు, ఒక బాల్కనీ, దక్షిణం వైపు ఒక పెద్ద గాజు తలుపు, అంతే. బాల్కనీలో ఇప్పుడు మల్లె, కనకాంబరం, రెండు రంగుల మందారం, తమలపాకు, కృష్ణ తులసి, వామాకు, కోలియస్ (రంగురంగుల ఆకుల మొక్క), కరివేపాకు ఉన్నాయి. మే నుంచి సెప్టెంబర్ దాకా ఇక్కడి ఎండ వీటన్నిటికీ భేషుగ్గా సరిపోతుంది, వేసవిలో పగలు 15 గంటలుంటుంది కాబట్టి మన ఊళ్ళో కంటే కూడా ఏపుగా పెరుగుతాయి. కానీ అక్టోబర్ మధ్యకల్లా ఫ్రాస్ట్, అంటే ఆకుల మీద గడ్డకట్టే మంచు పడుతుంది, ఒక్క రాత్రి పడితే చాలు, తెల్లారేసరికి తులసి ఉడకబెట్టిన ఆకుకూరలా నల్లగా వాలిపోతుంది.

పన్నెండంగుళాల కుండీలు అన్నీ లోపలికి తెస్తే హాల్లో మనుషులు నడవడానికి చోటుండదు. అదొక్కటే కాదు, పెద్ద మొక్కకి ఆకులెక్కువ, ఆకులెక్కువైతే వెలుతురూ ఎక్కువ కావాలి, డిసెంబర్‌లో ఆ వెలుతురు ఇంట్లో ఎక్కడా దొరకదు, దాంతో నెల తిరక్కుండా ఆకులన్నీ రాల్చేసి పుల్లలా నిలబడుతుంది. పాత మట్టిలో చీమలు, పురుగుల గుడ్లు కూడా ఫ్రీగా వస్తాయి. అదే నాలుగంగుళాల కొమ్మ వేరు తెచ్చుకుని చిన్న కప్పులో ఉంటే దానికి కావాల్సింది కొంచెం వెలుతురు, కొంచెం నీళ్ళు. ఒక పెద్ద కుండీ చోటులో ఇలాంటి కప్పులు డజను పడతాయి. నా ఉద్దేశంలో చిన్న ఇంట్లో ఉండేవాళ్ళకి ఇదొక్కటే దారి: చలికాలంలో మొక్కని పెంచకూడదు, చిన్నగా ఉంచి నిలబెట్టుకోవాలి, పెంచుకోవడానికి వేసవి ఉండనే ఉంది.

చోటు చూసుకున్నా. డైనింగ్ టేబుల్ పక్కన గోడకి ఆనించి రెండడుగుల వెడల్పు, అడుగు లోతు ఉన్న వైర్ ర్యాక్ పడుతుంది. మూడు అరలు. పైన రెండు అరలకీ రెండడుగుల ఎల్ఈడీ లైట్లు ఒక్కోటి 20 వాట్లవి, తెల్ల లైట్లే, ఆ ఊదారంగు గ్రో లైట్లు హాల్లో కళ్ళకి భరించలేం. టైమర్ పెట్టి రోజుకి 14 గంటలు వెలిగిస్తే రెండూ కలిపి నెలకి 17 యూనిట్లు, అంటే కరెంటు బిల్లులో పెద్దగా తెలీదు. మధ్య అరలో హీట్ మ్యాట్, కప్పుల్ని అడుగునుంచి వెచ్చగా ఉంచే కరెంటు చాప. కింద అర చీకటే, అక్కడ మట్టి, పెర్లైట్ (నీళ్ళు నిలవకుండా కలిపే తేలికపాటి తెల్ల గుళికలు), ఖాళీ కప్పులు.

సెప్టెంబర్ రెండో వారం

కోసే రోజు. అక్టోబర్ దాకా ఎందుకు ఆగలేదంటే రాత్రుళ్ళు 55కి దిగడం మొదలైతే (డిగ్రీలన్నీ ఫారెన్‌హీట్‌లోనే రాస్తున్నా, 50 అంటే మన 10) ఈ మొక్కలన్నీ ముడుచుకుపోతాయి, అలా ముడుచుకున్న కొమ్మ వేరు వెయ్యడానికి మొరాయిస్తుంది. ఇప్పుడైతే పగలు ఇంకా పన్నెండున్నర గంటలుంది, మొక్క ఇంకా పెరిగే ఊపులోనే ఉంది.

ముందురోజు సాయంత్రం కుండీలన్నిటికీ నీళ్ళు నిండా పోసి పొద్దున్నే కోశా, ఆ టైంలో కొమ్మల నిండా నీళ్ళుంటాయి. బ్లేడ్ కొత్తది, ఒక్కో మొక్క దగ్గరికి వెళ్ళేముందు స్పిరిట్‌తో తుడుచుకున్నా.

మల్లె గురించి కాస్త వివరంగా రాస్తా, నాకు అన్నిటికంటే అదే ముఖ్యం. లేత పచ్చ కొస పనికిరాదు, అది కుళ్ళుతుంది. గోధుమరంగు తిరిగిన ముదురు కొమ్మా వద్దు, అది నెలల తరబడి ఏమీ చెయ్యకుండా కూర్చుంటుంది. రెండిటికీ మధ్యలో ఉండే భాగం కావాలి, వంచితే కొంచెం వంగి తర్వాత చిటుక్కున విరగాలి. మూడు కణుపులు వచ్చేలా కొయ్యాలి, కింది కోత కణుపుకి సరిగ్గా కిందే పడాలి ఎందుకంటే వేళ్ళు ఎక్కువగా కణుపు దగ్గరనుంచే వస్తాయి. కింది రెండు కణుపుల ఆకులు తీసేసి పైన ఒక జతే ఉంచి, ఆ రెండు ఆకుల్ని కూడా కత్తెరతో సగానికి కత్తిరించేశా. మొగ్గలుంటే గిల్లెయ్యాలి. సెప్టెంబర్‌లో ఆఖరి విడత మొగ్గలవి, గోరు పెట్టి గిల్లుతుంటే వేళ్ళకి వాసన అంటుకుంది, ప్రాణం ఉసూరుమంది, కానీ మొగ్గ ఉంటే కొమ్మలో ఉన్న తిండంతా దానికే పోతుంది.

కింది కొసని నీళ్ళలో తడిపి రూటింగ్ పౌడర్‌లో (వేరు త్వరగా రావడానికి వాడే పొడి) అద్ది, ఎక్కువైంది దులిపి, పెన్సిల్‌తో ముందే చేసిన కన్నంలోకి దింపా. నేరుగా గుచ్చితే పౌడరంతా పైనే చెక్కుకుపోతుంది. మట్టి వాడలేదు, సగం పెర్లైట్ సగం కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు. తడి ఎంతుండాలంటే గుప్పిట్లో గట్టిగా పిండితే ఒకటో రెండో చుక్కలు రావాలి, ధార కడితే ఎక్కువైనట్టే. పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ కప్పులకి అడుగున కన్నాలు పెట్టి వాటిలో నాటా, వేళ్ళు వస్తే బయటికే కనిపిస్తాయి, పీకి చూడక్కర్లేదు. కప్పులన్నీ మూతున్న ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి మూతేసి హీట్ మ్యాట్ మీద ఉంచా. అడుగున 75 ఉండేలా చూసుకుంటున్నా. పైన చల్లగా ఉన్నా పర్లేదు, అడుగు వెచ్చగా ఉంటే చిగురు కంటే వేరు ముందు కదులుతుంది.

అమ్మకి వీడియోకాల్‌లో చూపిస్తే, "మనింట్లో మల్లెకి కొమ్మ వంచి మట్టిలో తొక్కి పైన రాయి పెట్టేవాళ్ళం కదే, వానాకాలం అయ్యేసరికి అదే అంటుకునేది, ఈ డబ్బాలూ మూతలూ ఏంటమ్మా" అంది. అమ్మ చెప్పిన ఆ నేల అంటు నిజానికి అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి, తల్లి మొక్కనుంచి విడదీయకుండానే వేరు వస్తుంది కాబట్టి కొమ్మ ఎండిపోదు. కాకపోతే దానికి నేల కావాలి, టైం కావాలి, వానాకాలం గాలిలో ఉండే తేమ కావాలి. ఇక్కడ ఆ తేమనే డబ్బాలో పెట్టి మూతేస్తున్నామని చెప్పా.

కనకాంబరం ఇచ్చింది వరంగల్ అక్క, మా కాంప్లెక్స్‌లోనే వెనక బిల్డింగ్. నారింజ రంగు, గుత్తి పెద్దది. దీనికి పూలు పూసిన కొమ్మ కాకుండా పక్కనుంచి వచ్చిన పిలక తీసుకోవాలి. ఆకు వెడల్పు కాబట్టి కోసిన కొద్ది నిమిషాలకే వాలిపోతుంది, అందుకని డబ్బా రెడీగా పెట్టుకుని ఒక్కోటీ కోసి వెంటనే నాటుతూ వెళ్ళా. చలంటే అందరికంటే దీనికే భయం, మ్యాట్ మీద మధ్యలో వెచ్చటి చోటు దీనికే ఇచ్చా.

మందారం పెన్సిలంత లావు ముక్కలు, ఐదారంగుళాలు. రంగులు కలిసిపోకుండా టేప్ మీద రాసి అంటించా, పువ్వు లేకపోతే ముద్ద ఎరుపూ రెక్క పసుపూ ఆకుని బట్టి పోల్చుకోవడం నావల్ల కాదు.

తమలపాకుకి పౌడర్ అవసరం లేదు. తీగ మీద ప్రతి కణుపు దగ్గరా పాకడానికి చిన్న వేళ్ళు ముందే ఉంటాయి, మన పొన్నూరు వైపు తోటల్లో అవిసె చెట్ల మీదకి ఎగబాకేది వాటితోనే. రెండు కణుపుల ముక్క తీసుకుని అడ్డంగా పడుకోబెట్టి కణుపు మట్టిలో సగం మునిగేలా నొక్కా, ఆకు పైకి. దీనికి నీడ, తేమ ఉంటే చాలు కాబట్టి లైటుకి దూరంగా డబ్బా మూలన.

తులసి, కోలియస్ నీళ్ళ గ్లాసుల్లో. తులసికి వెన్ను వేసిన కొమ్మ వద్దు, ఆకులే ఉన్న కొమ్మ కావాలి. వామాకు మాత్రం కోసి ఒక రాత్రి అలా ప్లేట్లో వదిలేశా, కోసిన చోటు ఆరాక పెర్లైట్‌లో పెట్టా, దానికి మూత ఉండకూడదు, కండగల కాడ కాబట్టి తేమ ఎక్కువైతే మెత్తబడుతుంది.

కోసిన కొమ్మలన్నిటినీ నాటేముందు సబ్బు నీళ్ళలో తలకిందులుగా ముంచి ఆడించి మంచి నీళ్ళలో కడిగా. ఆకు వెనక ఒక్క తెల్లదోమ గుడ్డు లోపలికి వచ్చినా చలికాలమంతా దానితోనే సరిపోతుంది.

సెప్టెంబర్ చివర

కోలియస్‌కి వేళ్ళు వారానికే వచ్చేశాయి, అది ఎవరు పెట్టినా వస్తుంది. తులసి కాడకి తెల్ల చుక్కల్లాగా బుడిపెలు. నీళ్ళు రోజు విడిచి రోజు మారుస్తున్నా. తమలపాకు కదిపితే కదలట్లేదు, అంటే పట్టుకుంది. మల్లెకి ఇంకా ఏమీ లేదు, ఆకు మాత్రం పచ్చగా గట్టిగా ఉంది, అది చాలు.

అక్టోబర్ మొదటి వారం

తులసి వేళ్ళు అంగుళం దాకా రాగానే కప్పుల్లోకి మార్చా. నీళ్ళలో వచ్చిన వేళ్ళు గాజులా పెళుసు, ఇంకా పొడుగయ్యేదాకా ఆగితే మట్టిలో పెట్టేటప్పుడు విరిగిపోతాయి, పైగా మట్టికి అలవాటు పడటానికి కూడా ఎక్కువ రోజులు తీసుకుంటాయి. మార్చిన వారం మట్టిని బాగా తడిగా ఉంచి తర్వాత మెల్లగా తగ్గిస్తున్నా.

మందారం ముక్కలు కొన్ని కిందనుంచి నల్లబడ్డాయి. నల్లబడ్డవి కనిపించిన రోజే తీసి పారేశా, కప్పుతో సహా, ఎందుకంటే ఆ కుళ్ళు డబ్బాలో పక్కవాటికి పాకుతుంది. మిగిలినవాటి కోసం మూత రోజూ పొద్దున కాసేపు తీసి గాలి తగలనిస్తున్నా. మూత లోపల సన్నగా ఆవిరి పట్టి ఉంటే సరే, చుక్కలు కారుతుంటే తేమ ఎక్కువైనట్టు.

అక్టోబర్ మధ్య

మల్లెకి వేర్లొచ్చాయి! కప్పు తిప్పి చూస్తే గోడకి ఆనుకుని తెల్ల దారంలాంటి వేరొకటి, దాని పక్కనే ఇంకోటి. పొద్దున్నే ఆఫీస్ కాల్ ఉందని మర్చిపోయి ఒక్కో కప్పూ లైటు దగ్గర పెట్టి తిప్పి చూస్తూ కూర్చున్నా. సగానికి పైగా కప్పుల్లో కనిపించాయి, మిగతావాటిలో కోసిన చోట తెల్లటి ఉబ్బు కట్టింది, అది వేరు రాబోయే ముందు వచ్చేదే.

వేరొచ్చింది కదాని ఒక్కసారే మూత తీసెయ్యకూడదు. మొదటిరోజు గంట, తర్వాత రెండు గంటలు, అలా పది రోజుల్లో పూర్తిగా బయటికి. హాల్లో గాలి పొడి, డబ్బాలో పుట్టిన ఆకుకి ఆ పొడి తెలీదు.

వాతావరణంలో ఫ్రాస్ట్ అడ్వైజరీ వచ్చింది. కరివేపాకు కుండీ ఒక్కటీ లోపలికి తెచ్చా, ఈ ప్లాన్‌లో దానికి మినహాయింపు ఎందుకంటే కరివేపాకు కొమ్మ నాటితే వేరు రావడం చాలా కష్టం, విత్తనం నుంచి కానీ పక్కన వచ్చే పిలక నుంచి కానీ చెయ్యాలి, విత్తనం కూడా చెట్టుమీంచి తాజాగా తీసిందైతేనే మొలుస్తుంది. ఇక్కడ మొక్క కొనడం కూడా అంత తేలిక కాదు. ఇది నిమ్మ కుటుంబంలోది, నిమ్మ, నారింజ తోటల్ని నాశనం చేసే గ్రీనింగ్ జబ్బుని మోసే పురుగు దీనిమీద కూడా బతుకుతుంది, అందుకని ఫ్లోరిడా, టెక్సాస్, కాలిఫోర్నియా లాంటి చోట్ల కరివేపాకు మొక్కల రవాణా మీద ఆంక్షలున్నాయి. ఇండియా నుంచి మొక్కో కొమ్మో బ్యాగులో పెట్టుకు రావాలని ఎవరికైనా ఉంటే దయచేసి తేవద్దు, ఇదే కారణం. కొమ్మలు సగానికి కత్తిరించి, ఆకు కడిగి ఆరబెట్టి ఫ్రీజర్లో పెట్టా, కుండీ గాజు తలుపు పక్కన.

బాల్కనీలో మిగిలిన తల్లి మొక్కల్లో మల్లెని సన్‌రూమ్ ఉన్న తెలిసినవాళ్ళకిచ్చేశా. మిగతావి అలాగే వదిలేయాల్సి వచ్చింది. వేసవంతా పూలిచ్చిన మందారాన్ని బయట వదిలి తలుపెయ్యడం తేలిగ్గా అనిపించలేదు, లోపల దాని ముక్కలు పచ్చగా ఉన్నాయి కాబట్టి వెయ్యగలిగా.

నవంబర్

కార్తీకమాసం. ఈ పని మొదలుపెట్టినప్పుడే మనసులో అనుకుంది క్షీరాబ్ది ద్వాదశికి ఇంట్లో బతికున్న తులసి ఉండాలని. జానెడు కూడా లేదు, కప్పులోంచి చిన్న ఇత్తడి చెంబులాంటి కుండీలోకి మార్చి, ఉసిరి కొమ్మ ఇక్కడ దొరకదు కాబట్టి ఇండియన్ స్టోర్లో తెచ్చిన ఉసిరికాయలు రెండు పక్కన పెట్టి దీపం వెలిగించా. దీపం సెగ ఆకుకి తగలకుండా దూరంగా పెట్టాలి, ఇంత చిన్న మొక్కకి ఆ వేడి ఎక్కువే. ప్రసాదానికని ఆకులు కొయ్యలేదు, కొసన నాలుగాకులు గిల్లా అంతే, అలా గిల్లితే పక్కకి రెండు పిలకలొస్తాయి.

హీటర్ రోజంతా నడుస్తోంది. తేమ చూసే మీటర్ 25 శాతం చూపిస్తోంది. వేరు వచ్చిన మొక్కలన్నిటినీ దగ్గర దగ్గరగా చేర్చి, కింద ట్రేలో గులకరాళ్ళు పోసి నీళ్ళు పెట్టా. దానివల్ల తేమ పెరిగేది కొంచెమే, దాన్ని పెద్ద వైద్యమనుకోకూడదు. నిజంగా పనిచేసింది కనకాంబరాన్ని మూత తీసిన డబ్బాలోనే ఉంచడం, చుట్టూ ఎత్తుగా గోడ ఉంటే హీటర్ గాలి నేరుగా తగలదు.

డిసెంబర్

అన్నిటికంటే కష్టమైన నెల. పగలు తొమ్మిది గంటలకి కాస్త ఎక్కువ, అదే రోజుల్లో విజయవాడలో పదకొండు గంటలుంటుంది, పైగా ఇక్కడ సగం రోజులు మబ్బు. గాజు తలుపు దగ్గర వెలుతురు కళ్ళకి బాగానే ఉన్నట్టుంటుంది కానీ మొక్కకి సరిపోదు, అందుకే లైటు కప్పులకి ఆరేడంగుళాల ఎత్తులోనే ఉండేలా గొలుసు దించా. దూరం పెరిగేకొద్దీ వెలుతురు చాలా వేగంగా పడిపోతుంది. కాడలు సాగి కణుపుకీ కణుపుకీ మధ్య దూరం పెరిగిందంటే లైటు చాలట్లేదని అర్థం.

ఎరువు పూర్తిగా ఆపేశా. వెలుతురు లేనప్పుడు ఎరువిస్తే మొక్క మెత్తగా సాగుతుంది, ఆ మెత్తటి ఆకే పురుగుకి ఇష్టం. నీళ్ళు కప్పు చేత్తో ఎత్తి చూసి పోస్తున్నా, తేలిగ్గా ఉంటేనే. పంపు నీళ్ళు ఈ నెలలో ఐసులా ఉంటాయి కాబట్టి సీసాలో పట్టి రాత్రంతా బయట పెట్టి గది వేడికి వచ్చాక పోస్తా.

మందారం ఆకుల మీద సన్నటి లేత చుక్కలు, సూదితో పొడిచినట్టు. కింద తెల్ల కాగితం పట్టుకుని ఆకుని వేలితో కొడితే దుమ్ములాంటివి రాలాయి, కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా చూస్తే ఆ దుమ్ములో కొన్ని నడుస్తున్నాయి. కాగితాన్ని వేలితో రుద్దితే ఎర్ర గీతలు. ఎర్రనల్లి. వెచ్చటి పొడిగాలిలో ఇవి వారానికో పదిరోజులకో ఒక తరం తయారవుతాయి, గూడు కనిపించేదాకా ఆగితే ఆకులన్నీ పోతాయి. పక్క అరలో ఏవీ తాకకుండా మందారాలన్నీ బాత్‌రూమ్‌కి మార్చా. కప్పు నోటికి ప్లాస్టిక్ కవర్ కట్టి మొక్కని పక్కకి వంచి షవర్ కింద ఆకు వెనకవైపు గట్టిగా కడిగా, ఆరాక మొక్కలకని అమ్మే సబ్బు స్ప్రే. ఒక్కసారి కొడితే గుడ్లు చావవు, అవి పిగిలాక మళ్ళీ కొట్టాలి, అందుకని వారానికోసారి చొప్పున నెలంతా చేశా. అప్పటినుంచి ప్రతి ఆదివారం మొక్కలన్నిటి ఆకుల వెనకా తడిగుడ్డతో తుడవడం పనిలో భాగమైపోయింది. కప్పులు చిన్నవి కాబట్టే ఇది కుదిరింది, నాలుగడుగుల మందారాన్ని షవర్ కింద వంచలేం కదా.

కోకోపీట్ మీద చిన్న నల్ల దోమలు కూడా వచ్చాయి. పసుపు జిగురు కార్డులు పెట్టి, పైపొర ఎండేదాకా నీళ్ళు ఆపి, అడుగునుంచి ట్రేలో పోసి పీల్చుకోనిస్తే తగ్గిపోయాయి. వాటి పిల్లలు పై అంగుళం తడిలోనే బతుకుతాయి, అది ఎండితే పోతాయి.

జనవరి

బయట సున్నా కంటే కిందకి వెళ్ళింది, ఫారెన్‌హీట్‌లోనే. రాత్రి గాజు తలుపు దగ్గర చెయ్యి పెడితే చలి జివ్వున తగులుతోంది. కరివేపాకు కుండీని అడుగున్నర లోపలికి జరిపి, కింద మందంగా అట్ట వేశా, తలుపు అంచున పాత తువ్వాళ్ళు చుట్టి పెట్టా.

అయినా కరివేపాకు ఆకులు పసుపు తిరిగి రాలడం మొదలైంది, వారంలో దాదాపు మోడైంది. వరంగల్ అక్కకి ఫోన్ చేస్తే, "ఆకులు రాలితే ఏం కాదు, భయపడకు. గోరుతోని కొమ్మ జర గోకి చూడు, లోపల పచ్చగుంటే పానం ఉన్నట్టే. గిప్పుడు నీళ్ళు మస్తు పోస్తవేమో, అదొక్కటి జెయ్యకు" అంది. గోకితే పచ్చగానే ఉంది. ఆకుల్లేని మొక్క నీళ్ళు తాగదు, అదే మట్టిలో నిలిచి వేరు కుళ్ళుతుంది, చలికాలంలో కరివేపాకు పోయేది ఎక్కువగా ఇలాగే. రెండు వారాలకోసారి ఒక గ్లాసు, అంతకంటే ఇవ్వలేదు. మా ఆయన కూడా దారిలో కనిపించినప్పుడల్లా నీళ్ళు పోసే అలవాటు మానుకున్నారు.

మిగతావి ఏమీ పెరగట్లేదు, తగ్గట్లేదు. జనవరిలో ఇంతకంటే కోరుకోవాల్సింది లేదు.

ఫిబ్రవరి

నెల మధ్యకి తమలపాకు కదిలింది, చుట్టలా ముడుచుకున్న లేత ఆకు విప్పుకుంటూ లేత రాగి రంగులో వచ్చింది. ఈ తీగ కిందకి వేలాడేలా పై అర చివర పెట్టా, చోటు కలిసొస్తుంది.

మల్లెల కొసలు అన్నీ ఒక కణుపు కిందకి గిల్లేశా. చిన్నప్పుడు గిల్లని మల్లె ఒంటి తీగలా సాగుతుంది, పూసేది కొత్త కొమ్మల కొసల మీద కాబట్టి కొమ్మలెన్నుంటే పూలన్ని. కోలియస్, తులసి కొసలు తీసి మళ్ళీ నీళ్ళలో పెట్టా, పాతవి పుల్లల్లా సాగిపోయాయి, వీటిని ఉంచుకోవడం కంటే కొత్త ముక్కలే మేలు. చోటు తక్కువున్నప్పుడు ఇదొక సదుపాయం, మొక్క పెద్దదవుతోందంటే కొస తీసుకుని మొదలు వదిలెయ్యొచ్చు.

కనకాంబరాల్లో రెండే మిగిలాయి కానీ రెండూ గట్టిగా ఉన్నాయి. వాటి పక్క పిలకలు తీసి డబ్బాలో కొత్త విడత పెట్టా.

మార్చి

పగలు పన్నెండు గంటలకి చేరింది. కప్పు అడుగు కన్నాల్లోంచి వేళ్ళు బయటికి వస్తున్నవాటిని నాలుగంగుళాల కుండీల్లోకి మార్చా, ఈసారి మామూలు పాటింగ్ మట్టి. ఒకేసారి పెద్ద కుండీలో పెడితే వేరు లేని చోట తడి నిలిచిపోతుంది, ఒక్కో మెట్టే ఎక్కించాలి. ఎరువు ప్యాకెట్ మీద చెప్పినదాంట్లో నాలుగోవంతు, రెండు వారాలకోసారి.

కరివేపాకు మోడు మీద, గోకిన చోటుకి కాస్త పైన, ఆవగింజంత పచ్చ మొగ్గ. మర్నాటికి రెండు. అమ్మకి ఫోటో పంపిస్తే జూమ్ చేసి చూసి "వచ్చిందమ్మా వచ్చింది" అని ఫోన్ చేసింది, అక్కడ రాత్రి పదకొండు.

చోటు సమస్య ఇప్పుడు మొదలైంది, చలికాలమంతా రెండు అరల్లో ఒదిగినవి నెల రోజుల్లో ర్యాక్ నిండిపోయాయి. ఎక్కువున్న మల్లెల్లో రెండు వరంగల్ అక్కకి, తులసులు కాంప్లెక్స్‌లో అడిగినవాళ్ళకి ఇచ్చా. దీని వెనక లెక్క కూడా ఉంది, ఒకే మొక్క మూడిళ్ళలో ఉంటే ఏ ఒక్క ఇంట్లో పోయినా మళ్ళీ ముక్క తెచ్చుకోవచ్చు. అక్క దగ్గర నాకు కనకాంబరం ఉన్నట్టు, అక్కకి నా దగ్గర మల్లె ఉంటుంది.

ఏప్రిల్ చివర

మధ్యాహ్నం 60 దాటిన రోజుల్లో ట్రే మొత్తం బాల్కనీలోకి, గోడ నీడలో, గంటసేపు. తర్వాత రెండు గంటలు. ఎల్ఈడీ కింద పుట్టిన ఆకుకి నేరు ఎండ పడితే ఒక్క మధ్యాహ్నంలో తెల్లగా కాలుతుంది. గాలికి కూడా అలవాటు కావాలి, ఇంట్లో కదలకుండా పెరిగిన కాడకి గాలి విసురుకి ఆగే బలం ఉండదు. సాయంత్రం మళ్ళీ లోపలికి. రాత్రుళ్ళు ఇంకా 40ల్లోనే ఉన్నాయి, పగటి ఎండ చూసి బయట వదిలెయ్యాలనిపిస్తుంది కానీ ఈ చుట్టుపక్కల మే మధ్యదాకా ఫ్రాస్ట్ పడే అవకాశం ఉంటుంది.

మే మూడో వారం

రాత్రి వరుసగా 50 పైనే ఉంటోంది. మల్లెలు, మందారాలు, తులసి, కరివేపాకు బయటికి వెళ్ళిపోయాయి. మల్లెల్ని ఒక్కో పెద్ద కుండీలో మూడు చొప్పున నాటా, విడివిడిగా పెడితే కుండీ నిండటానికి రెండేళ్ళు పడుతుంది, మూడు కలిపితే ఈ వేసవికే గుబురుగా కనిపిస్తుంది. ఒకదానికి కొసన చిన్న మొగ్గలు మూడు, ఈసారి గిల్లలేదు. తమలపాకుకి బాల్కనీ మూల, మధ్యాహ్నం ఎండ పడని చోటు, పాకడానికి కొబ్బరి పీచు కర్ర. ముద్ద ఎరుపు మందారం నాటిన ముక్కల్లో ఒక్కటే దక్కింది, పసుపు రెండు. వచ్చే సెప్టెంబర్‌లో మందారానికి కోకోపీట్ తగ్గించి పెర్లైట్ మూడొంతులు వేసి చూస్తా, కుళ్ళు తగ్గుతుందని నా అంచనా.

కనకాంబరం కొత్త విడత మాత్రం ఇంకా డబ్బాలోనే ఉంది, దానికి రాత్రి 60 ఉంటే కానీ బయట పెట్టను. మ్యాట్ తీసేశా, ఒక లైటు ఉంచా.